రిఫండ్ వచ్చింది, లెక్కే కుదరలేదు

మా అమ్మ టీవీలో చూసి తెప్పించుకున్న వంటపాత్రల సెట్టుకి కట్టింది 3,498 రూపాయలు. అది తిప్పి పంపాక కంపెనీ వేసింది 2,601. మధ్యలో పోయిన 897 రూపాయల గురించే ఇదంతా రాస్తున్నాను. డబ్బు అసలు రాకపోతే ఎవరైనా గొడవ చేస్తారు. తక్కువ వస్తే మాత్రం "పోన్లే, అంతైనా వచ్చింది" అనుకుంటాం. అమ్మా అదే అంది. నాన్నగారైతే "నరసాపురం రోడ్డులో పాత్రల కొట్టు ఉండగా టీవీలో కొనడం ఏంటి" అన్న దగ్గరే ఆగిపోయారు.

అమ్మానాన్నలు తణుకులో ఉంటారు, నేను హైదరాబాదులో. గ్యాస్ అయిపోయినప్పుడు పనికొస్తుందని ఇంట్లో ఇండక్షన్ పొయ్యి పెట్టుకున్నారు. దాని మీదకి సరిపోయే గిన్నెలు లేవు. మధ్యాహ్నం పూట వచ్చే షాపింగ్ ప్రోగ్రాంలో యాంకరమ్మ నూనె చుక్క లేకుండా పెనం మీద గుడ్డు వేసి అటూ ఇటూ జార్చి చూపిస్తుంటే, ఇండక్షన్ మీద కూడా పనిచేస్తుందని పదే పదే చెబుతుంటే, అమ్మ ఫోన్ చేసేసింది. పెనం, మూకుడు, పాలగిన్నె, రెండు మూతలు కలిపి 3,299. దాంతోపాటు తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే చాపర్ ఉచితం. డెలివరీ ఛార్జీ 149, ఇంటి దగ్గర డబ్బు కట్టే సౌకర్యానికి 50. మొత్తం 3,498. పార్సిల్ తెచ్చిన కుర్రాడికి నగదు ఇచ్చింది.

పెనం పొయ్యి మీద పెడితే పొయ్యి కుయ్‌మని అరిచి ఆగిపోయింది. మూకుడూ అంతే. పాలగిన్నె ఒక్కటే వేడెక్కింది. నేను వీడియో కాల్‌లో ఫ్రిజ్ మీదున్న వేంకటేశ్వరస్వామి అయస్కాంతం బొమ్మ తీసి అడుగున అతికించి చూడమన్నాను. ఇండక్షన్ పొయ్యి పనిచేయాలంటే గిన్నె అడుగు అయస్కాంతానికి పట్టే లోహమై ఉండాలి. వట్టి అల్యూమినియం అయితే ఎంత వేడి నంబరు పెట్టినా లాభం లేదు. పాలగిన్నెకి స్వామి టక్కున అతుక్కున్నాడు, పెనానికి, మూకుడుకి జారిపోయాడు. అట్టపెట్టె మీద మాత్రం మొత్తం సెట్టుకి ఇండక్షన్ బేస్ అని రాసుంది. ఆ పరీక్షని వీడియో తీయించాను. పెట్టె ఫోటో, కంపెనీ వెబ్‌సైట్‌లో అదే సెట్టు పేజీ స్క్రీన్‌షాట్ కూడా దాచాను. తర్వాత అక్కరకొచ్చింది ఇవే.

కస్టమర్ కేర్‌కి అమ్మే ఫోన్ చేసింది. అటువైపు అమ్మాయి చాలా మర్యాదగా, "ఐటమ్ వద్దా మేడమ్? రిటర్న్ పెట్టేస్తాను" అంది. అమ్మ "పెట్టేయమ్మా" అంది. అసలు తిరకాసు అక్కడే పడిందని నాకు తర్వాత తెలిసింది. వాళ్ల సిస్టంలో ప్రతి రిటర్న్‌కీ ఒక కారణం ఎంచుకోవాలి. వస్తువు పాడై వచ్చింది, చెప్పినట్టు లేదు, వేరే వస్తువు వచ్చింది, కస్టమర్‌కి నచ్చలేదు, ఇలా. మొదటి మూడింటిలో ఏది పెట్టినా మొత్తం డబ్బు ఇవ్వాలి, పికప్ ఖర్చు కంపెనీదే. చివరిది పెడితే రానూ పోనూ ఛార్జీలు మనమీద పడతాయి. అమ్మ ఫోన్‌కి వచ్చిన మెసేజ్ నాకు పంపితే చూశాను. కారణం దగ్గర "కస్టమర్ వద్దనుకున్నారు" అని ఉంది. పొయ్యి ఆగిపోవడం, అయస్కాంతం పట్టకపోవడం అమ్మ ఆ అమ్మాయికి పూసగుచ్చినట్టు చెప్పింది. అదేదీ అందులో లేదు.

వెంటనే ఈమెయిల్ పెట్టాను, కారణం మార్చమని. "మీ అభ్యర్థన నమోదైంది" అని ఒక ఆటోమేటిక్ జవాబు వచ్చింది, అంతే.

పికప్‌కి వచ్చిన కుర్రాడు ఇంకో మెలిక వేశాడు. అమ్మ సెట్టుతో పాటు చాపర్‌ని కూడా పెట్టెలో సర్ది ఉంచింది. అతను ఫోన్‌లో చూసుకుని, "నా లిస్టులో ఒక్క ఐటమే ఉంది ఆంటీ, ఇది తీసుకెళ్తే అక్కడ నన్ను అడుగుతారు" అని చాపర్ తీసి బల్ల మీద పెట్టేసి వెళ్లాడు. అతన్ని అనడానికేం లేదు, అతని యాప్‌లో ఎంత ఉంటే అంతే. అమ్మ పెట్టె మూసే ముందు లోపలివన్నీ కనపడేలా ఫోటో తీసింది, అతనిచ్చిన రసీదు కూడా. ఈ అలవాటు అమ్మకి నేను నేర్పింది కాదు. గ్యాస్ బండ వచ్చినా సీలు ఫోటో తీసుకునే మనిషి తను.

కొన్నాళ్లకి రిఫండ్ అయిందని మెసేజ్. చూస్తే బ్యాంకులో కాదు, కంపెనీ వాలెట్‌లో పాయింట్లు. వాళ్ల దగ్గరే ఇంకేదైనా కొనుక్కోవాలి, దానికీ గడువుంది. మేం నగదు ఇచ్చాం, పాయింట్లు వద్దు, ఖాతాలో వేయండి అని అడిగితే ఒక లింకు పంపారు. ఖాతా నంబరు, బ్యాంకు శాఖని గుర్తించే ఐఎఫ్ఎస్‌సీ కోడు నింపాలి. అమ్మ తన పాత పాస్‌బుక్ తీసి అందులో ఉన్నదే నింపింది. ఆ పాస్‌బుక్ ఆంధ్రా బ్యాంకుది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయింది, ఆ తర్వాత ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత కోడ్లు పోయి యూబీఐఎన్‌తో మొదలయ్యేవి వచ్చాయి. బోర్డు మారి ఏళ్లు గడిచినా మా అమ్మకీ, వాళ్ల వీధిలో సగం మందికీ అది ఇంకా ఆంధ్రా బ్యాంకే. మచిలీపట్నంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో పెట్టిన బ్యాంకు, అంత తొందరగా నోటి నుంచి పోదు. కానీ చెల్లని కోడుని ఆ ఫారం ఎర్ర గీత కూడా పెట్టకుండా తీసుకోవడమే నాకు వింతగా అనిపించింది.

డబ్బు పడలేదు. అడిగితే కస్టమర్ కేర్‌వాళ్లు "మేం పంపేశాం మేడమ్, మీ బ్యాంకుని అడగండి" అన్నారు. బ్యాంకుకెళ్తే "మాకేం రాలేదమ్మా" అన్నారు. ఇలాంటప్పుడు అడగాల్సింది ఒక్కటే, యూటీఆర్ నంబరు. ఎన్ఈఎఫ్‌టీ ద్వారా, అంటే ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో ఖాతాకి, పంపిన ప్రతి బదిలీకీ ఆ నంబరు ఉంటుంది. అది ఇస్తే బ్యాంకువాళ్లు డబ్బు ఎక్కడుందో వెతకగలరు. కార్డుతో కట్టిన డబ్బు వెనక్కి రావాల్సి ఉంటే ఏఆర్ఎన్, యూపీఐ అయితే ఆర్ఆర్ఎన్ అని అడగాలి. ఖాతాలో జమ కాని ఎన్ఈఎఫ్‌టీ డబ్బు ఎక్కడా ఉండిపోదు, పంపినవాళ్ల ఖాతాకే తిరిగి వెళ్తుంది. యూటీఆర్ అడిగేసరికి కస్టమర్ కేర్ గొంతు మారింది. డబ్బు వాళ్ల దగ్గరికే తిరిగొచ్చిందని మర్నాడు ఒప్పుకున్నారు. కొత్త కోడు ఇచ్చాం. 2,601 పడ్డాయి.

రిఫండ్ ఆలస్యమైతే రోజుకి వంద రూపాయలు జరిమానా అని వాట్సాప్‌లో తిరుగుతూ ఉంటుంది. నాకూ ఒకరిద్దరు అదే చెప్పారు. 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆ ఉత్తర్వు విఫలమైన లావాదేవీల గురించి. అంటే ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలోంచి పోవడం, యూపీఐలో మన దగ్గర కట్ అయి అవతల చేరకపోవడం లాంటివి. దుకాణం ఇవ్వాల్సిన రిఫండ్‌కి అది వర్తించదు. బ్యాంకు కౌంటర్లో ఆ మాట పట్టుకుని వాదిస్తే మన మాటే పలచనవుతుంది.

ఇప్పుడు అసలు లెక్క. 2,601 ఎలా వచ్చిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేదు. "సిస్టం జనరేటెడ్ అమౌంట్ మేడమ్" అంటారు. నేనే కాగితం మీద వేశాను. సెట్టు ధర 3,299లోంచి 698 తీస్తే 2,601 వస్తుంది. 698 ఏంటి? వాళ్ల వెబ్‌సైట్‌లో నిబంధనల పేజీ అడుగున పికప్ ఛార్జీ 199 అని ఉంది. మిగిలింది 499. చాపర్ పెట్టె మీద ఎమ్మార్పీ చూడమంటే అమ్మ చదివింది, 499. ఉచితంగా ఇచ్చామన్నదానికి పూర్తి ఎమ్మార్పీ కోసేశారు. డెలివరీ 149, నగదు ఛార్జీ 50 ఎలాగూ లెక్కలోకే తీసుకోలేదు. 199, 499, 149, 50 కలిపితే సరిగ్గా 897.

ఇక్కడ నాకు దొరికిన పట్టు ఇన్‌వాయిస్. ఎవరూ చదవని కాగితం అది. అందులో సెట్టుకి ఒక వరస, చాపర్‌కి ఒక వరస ఉన్నాయి. చాపర్ ఎదురుగా ధర సున్నా, పన్ను సున్నా. సున్నా రూపాయలకి అమ్మినట్టు బిల్లు రాసినవాళ్లు తిరిగి ఇవ్వాల్సి వచ్చేసరికి 499 ఎలా కోస్తారు? పైగా మేం ఇస్తామన్నా తీసుకెళ్లనిది వాళ్ల మనిషే.

మా ఆఫీసులో ఒకావిడకి ఆన్‌లైన్‌లో బట్టలు కొన్నప్పుడు ఇంకో రకం కోత పడింది. 1,200ది ఒకటి, 900ది ఒకటి రెండు కుర్తీలు తీసుకుంది. రెండు వేలు దాటితే 500 తగ్గింపు కాబట్టి 2,100కి 1,600 కట్టింది. 900ది బిగుతుగా ఉందని తిప్పి పంపితే 400 మాత్రమే వచ్చాయి. ఒక కుర్తీ వెనక్కి పోయాక మిగిలింది రెండు వేల లోపు కాబట్టి ఆఫర్ రద్దు, ఉంచుకున్నదానికి 1,200 పూర్తిగా తీసుకున్నాం అన్నారు. కానీ ఆమె ఇన్‌వాయిస్‌లో ఆ 500 తగ్గింపుని రెండు కుర్తీలకీ ధరని బట్టి పంచి చూపించారు. ఆ లెక్కన 900 కుర్తీ మీద తగ్గింపు 214, ఆమె దానికి కట్టింది 686. ఒకే రిటర్న్‌కి 400కీ 686కీ తేడా చూడండి. ఆఫర్ రద్దవుతుందని కొనేముందే స్పష్టంగా రాసి ఉంటే కంపెనీ వాదనలో కొంత న్యాయం ఉందనే అంటాను. రాయకుండా తర్వాత చెబితే మాత్రం బిల్లులో ఏముందో అదే మాట్లాడాలి. ఆవిడ నాలాగా మొండిది కాదు, వదిలేసింది.

నేను మాత్రం చట్టం కాస్త తిరగేశాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వస్తువు కొనడం అంటే ఏంటో వివరించేచోట ఆన్‌లైన్‌తో పాటు టెలీషాపింగ్ అని విడిగా రాసి ఉంది. కాబట్టి "ఇది టీవీ ఆర్డర్ మేడమ్, ఆన్‌లైన్ రూల్స్ దీనికి రావు" అన్న కస్టమర్ కేర్ మాట చెల్లదు, చట్టం రెండింటికీ ఒకటే. లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోకుండా, బిల్లులో చెప్పిన గడువులో, గడువు చెప్పకపోతే 30 రోజుల్లో, డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని ఆ చట్టం అనుచిత వ్యాపార పద్ధతి అంటుంది. 2020 జులైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాలు ఇంకా ముందుకెళ్లాయి. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే అమ్మినవాళ్లు వాపసు నిరాకరించకూడదు. ప్రతి కంపెనీకీ ఒక గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలి, పేరూ వివరాలూ వెబ్‌సైట్‌లో కనపడాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి.

వీళ్ల వెబ్‌సైట్‌లో కూడా ఆ అధికారి పేరు ఉంది, పేజీ అట్టడుగున, బూడిదరంగు చిన్న అక్షరాల్లో. ఆయనకి ఈమెయిల్ రాశాను. కథంతా చెప్పలేదు. ఆర్డర్ నంబరు, కట్టింది ఎంత, వచ్చింది ఎంత, రావాల్సింది ఎంత, నాలుగు కోతల్లో ఒక్కోటి ఎందుకు తప్పో ఒక్కో వాక్యం. అయస్కాంతం వీడియో, పెట్టె ఫోటో, ఇన్‌వాయిస్, పికప్ రసీదు జతచేశాను. కస్టమర్ కేర్‌తో ఎన్ని గంటలు మాట్లాడినా మన చేతిలో మిగిలేది ఏదీ ఉండదు. ఫోన్‌లో చెప్పిన ప్రతిదాన్నీ ఆ వెంటనే ఈమెయిల్‌లో పెట్టుకుంటే తేదీతో సహా ఉంటుంది.

ఈలోగా కంపెనీ సోషల్ మీడియా పేజీలో ఎవరో పెట్టిన ఫిర్యాదు కింద నేనూ నాలుగు మాటలు రాశాను. ఫోన్ నంబరు ఏదీ పెట్టలేదు. అయినా ఒక ఖాతా నుంచి నాకు మెసేజ్ వచ్చింది, కంపెనీ లోగోతో సహా, "మీ సమస్యకి చింతిస్తున్నాం, నంబరు ఇవ్వండి" అని. పేరులో ఒక అక్షరం తేడా ఉంది. వదిలేశాను. తర్వాత కొద్ది రోజులకి అమ్మకే నేరుగా కాల్. "రిఫండ్ డిపార్ట్‌మెంట్ నుంచి మాట్లాడుతున్నాం, ఒక యాప్ దించుకోండి, మీ స్క్రీన్ మాకు కనపడితే మేమే వేసేస్తాం, చివర్లో యూపీఐ పిన్ కొడితే సరిపోతుంది" అట. అమ్మ "మా అమ్మాయి హైదరాబాదులో ఉంది, దానితో మాట్లాడండి" అంది. ఫోన్ పెట్టేశారు. ఆర్డర్ సంగతి వాళ్లకెలా తెలిసిందో అని నాకు చాలా టెన్షన్ పట్టుకుంది. డబ్బు మనకి రావాలంటే యూపీఐ పిన్ అక్కర్లేదు, ఎప్పుడూ. పిన్ కొట్టామంటే మన డబ్బు పోతున్నట్టే. అలా పోగొట్టుకున్నవాళ్లు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతకడం కూడా ఇందుకే మంచిది కాదు. బిల్లు మీద ఉన్న నంబరే వాడాలి.

గ్రీవెన్స్ అధికారి నుంచి 48 గంటల్లో అందిందన్న జవాబు అయితే వచ్చింది. ఆ తర్వాత నిశ్శబ్దం. నెల దాటాక జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను. తెలుగులో మాట్లాడతారు. వెబ్‌సైట్‌లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. బిల్లు అమ్మ పేరు మీద ఉంది కాబట్టి అమ్మ పేరుతోనే నమోదు చేయించాను. ఒక డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఇస్తారు. ఆ హెల్ప్‌లైన్‌తో కలిసి పనిచేసే కంపెనీల జాబితా ఒకటుంది, మనం ఫిర్యాదు చేసిన కంపెనీ అందులో ఉంటే ఫిర్యాదు నేరుగా వాళ్లకి చేరుతుంది. వాళ్లు ఇచ్చిన జవాబు మనకి కనపడుతుంది. హెల్ప్‌లైన్‌కి తీర్పు ఇచ్చే అధికారం లేదు, మధ్యవర్తిలా పంపి జవాబు రాబట్టడమే దాని పని. అయినా నేను రాసిన ఈమెయిల్‌కి కదలనివాళ్లు డాకెట్ నంబరుకి కదిలారు.

ఈసారి ఫోన్ చేసినాయన తెలుగులో, చాలా నెమ్మదిగా మాట్లాడాడు. రిటర్న్ కారణం "చెప్పినట్టు లేదు" అని మార్చామన్నాడు. అంటే పికప్ ఛార్జీ, డెలివరీ ఛార్జీ వెనక్కి. చాపర్ సంగతి వచ్చేసరికి "మీరు ఉంచుకున్నారు కదా మేడమ్" అన్నాడు. ఇన్‌వాయిస్‌లో రెండో వరస చదవండి అన్నాను. కాసేపు కాగితాల చప్పుడు. "కావాలంటే రేపే మనిషిని పంపండి, మా అమ్మ తుడిచి పెట్టె కట్టి ఉంచింది" అని కూడా చెప్పాను. ఒక చాపర్ కోసం తణుకు దాకా మనిషిని పంపే ఖర్చు లెక్కేసుకున్నట్టున్నాడు. "ఉంచేసుకోండి, అమౌంట్ వేయిస్తాను" అన్నాడు. 199, 149, 499 కలిపి 847 అమ్మ ఖాతాలో పడ్డాయి, ఈసారి యూటీఆర్ నంబరు అడక్కుండానే పంపారు.

మిగిలింది 50. నగదు తీసుకున్నందుకు కొరియర్ కంపెనీకి మేం కట్టేశాం, అది తిరిగి రాదు అంటున్నారు. తప్పు వస్తువు పంపింది వాళ్లయినప్పుడు ఆ 50 మేమెందుకు భరించాలో నాకు అర్థం కాలేదు, అదే మాట రాశాను. "కంపెనీ పాలసీ ప్రకారం" అని మొదలయ్యే జవాబు వచ్చింది, డాకెట్ మూసేశారు.

జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా ఫర్వాలేదు, అమ్మ ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫిర్యాదు ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేసే వీలుంది, లాయరు లేకుండా మనమే వాదించుకోవచ్చు. నాన్నగారు ఇప్పుడు "వెయ్యవే, యాభై అయినా మనదే కదా" అని నాకంటే ఎక్కువ ఉత్సాహంగా ఉన్నారు. అమ్మ "ఇంక చాల్లే, ఊరుకోండి" అంటోంది. ఫిర్యాదుకి రెండేళ్ల గడువుంది. కాగితాలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టాను. దసరా సెలవులకి తణుకు వెళ్లినప్పుడు వాళ్లిద్దరూ ఏం తేలుస్తారో చూడాలి.